మా అత్త కలిపిన వరసలు

మా అత్త పోయిందని మామయ్య ఫోను చేసినప్పుడు నేను ఈ అరబ్బుల దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లో, పనిచేసే ఇంట్లో, పిల్లల బడి డబ్బాల్లో అన్నం సర్దుతున్నాను. గురువారం పొద్దున. "పాపా, మీ అత్త లెయ్యలేదు. ఎంత లేపినా లెయ్యలేదు" అన్నాడు. అంతకు మించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. డబ్బా మూత పెట్టి, పిల్లలను బండెక్కించి, ఆ తర్వాతే వంటింట్లోకి వచ్చి ఏడ్చాను.

అత్త అన్నానని రక్తసంబంధం అనుకోకండి. ఆమెది రాజంపేట పక్క పల్లె, నాది రాయచోటి పక్క. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకరోజు, సాల్మియాలో ఒక చిన్న కొట్టులో కరివేపాకు ఏరుకుంటూ ఇంటికి ఫోనులో మాట్లాడుతున్నాను. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. "ఏ ఊరు మ్మే నీది? ఎవురి బిడ్డవు?" అంది. చెప్పాను. "మీ నాయనోళ్ళ ఇంటిపేరు? మీ అమ్మోళ్ళది?" అదీ చెప్పాను. కరివేపాకు చేతిలో పట్టుకుని కాసేపు పైకి చూసింది. వాళ్ళ చిన్నమ్మను ఇచ్చిన ఊరు, ఆ ఊరినుంచి మా అమ్మ ఊరికి వచ్చిన కోడలు, ఆ కోడలి చెల్లెలు, ఇట్లా ఎక్కడెక్కడో తిరిగొచ్చి, "అయితే మీయమ్మ నాకు వదినయితాది. నేను నీకు అత్తను. పా ఇంటికి, అన్నం తినిపో" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం నా సెలవు ఆ ఇంట్లోనే గడిచింది.

అది ఆమె అలవాటు. ఎవరు కనపడినా ముందు వరస కలపాలి. కలపనిదే ఆమెకు నీళ్ళు కూడా మింగుడుపడవు. జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవరు ఆమెకు తమ్ముడు. కింద కాపలా ఉండే బంగ్లాదేశ్ ముసలాయన పెదనాయన. "ఏం అత్తా, ఈ పిచ్చి?" అంటే, "వరస తెలీకుంటే మనిషిని యాడ కూర్చోబెట్టాల్నో తెలీదు మ్మే" అనేది.

ఇంతమందికి వరస కలిపిన మనిషికి సొంతవాళ్ళు తక్కువ. తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. అన్నల్లేరు, తమ్ముళ్ళు లేరు. పిల్లలు కలగలేదు. మొగుడు సొంత మేనమామే, తల్లికి కడగొట్టు తమ్ముడు. దజీజ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్ చూసుకునేవాడు. "నన్ను చంకనేసుకొని తిప్పినోడే మెళ్ళో తాళి కట్టినాడు. అందుకే ఇప్పటికీ మాట వినడు" అని ఆయన ముందే అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇక్కడ పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి. అది అత్తకు ఎప్పుడూ నవ్వే. నేను "మా మామా" అని మొదలు పెడితే చాలు, "ఆడమనిషిని పట్టుకొని మామా ఏందే" అనేది.

ఆమె ఉన్న బిల్డింగులోనే పై అంతస్తులో ఒక అమెరికా టీచరమ్మ ఉండేది. సన్నగా, పొడుగ్గా, తెల్ల జుట్టు కత్తిరించుకుని ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఒకరోజు లిఫ్టులో ఇద్దరే పడ్డారు. అత్త ఊరుకుంటుందా? బి.ఏ. చదివి, పెళ్ళికి ముందు కాన్వెంటు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఇంగ్లీషు బాగానే వచ్చు, కాకపోతే దాన్నీ రాజంపేట యాసలోనే మాట్లాడేది. "ఏ ఊరు మీది?" అంది. టీచరమ్మ చెప్పింది. "అంతకు ముందు?" ఓడలో వచ్చామంది. "ఎవరి బిడ్డలు మీరు?" అంది అత్త. టీచరమ్మ లిఫ్టు తలుపు చేత్తో ఆపి, "అదే నేనూ ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నాను. లోపలికి రండి, చూపిస్తాను" అందట.

ఆమె వెతుకులాట ఇదీ. అమెరికా ఇంకా దేశం కానప్పుడు, ఇంగ్లండు రాజు పాలనలో సముద్రం ఒడ్డున నాలుగు పల్లెలుగా ఉన్నప్పుడు, తొలి ఓడల్లో దిగిన ఒక మనిషి సంతానమే తామని ఆ ఇంట్లో ఒక మాట ఉంది. టీచరమ్మ తాతల పేర్లు వెనక్కి వెనక్కి వెళ్ళి శామ్యూలు, మెర్సీ అనే ఒక జంట దగ్గర ఆగిపోయాయి. వాళ్ళు ఎవరి పిల్లలో తెలియదు. ఇంటిపేరు చూద్దామా అంటే మన దగ్గర రెడ్డి అన్నంత మామూలు పేరు. ప్రతి పల్లెలోనూ ఉన్నారు.

ఇదంతా ఎందుకంటే టీచరమ్మకు ఒక అక్క. నాన్న బతికున్నప్పటి నుంచీ ఈ వెతుకులాట మొదలుపెట్టింది ఆ అక్కే. ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉంది. మెల్లగా మతిమరుపు కమ్ముకొస్తోంది. ఫోను చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "దొరికాడా?" రెండు చలికాలాలు గడిస్తే టీచరమ్మకు రిటైర్మెంటు. జూన్‌లో తిరిగి వెళ్ళేటప్పటికి ఆ ఓడ దిగిన మనిషిదాకా దారి కలిపి, అక్క చేతిలో పెట్టాలి. అదీ అక్కకు తెలివి ఉండగానే.

పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసిన చర్చిల పాత పుస్తకాలు, పల్లెల పుస్తకాలు అన్నీ ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టి ఉంటాయట. టీచరమ్మా అత్తా పల్లెలు పంచుకున్నారు, ఈ ఊరు నీది, ఆ ఊరు నాది అని. అత్త తాత పల్లెలో దస్తావేజులు రాసేవాడు. "గొలుసుకట్టు రాత చదివిన కండ్లు మ్మే ఇవి. వీళ్ళ రాత ఒక లెక్కా? ఎస్సును ఎఫ్ మాదిరి రాసినారు సచ్చినోళ్ళు, అంతే" అనేది. పొద్దున్నే మామయ్యను పనికి పంపి, బొరుగుల ఉగ్గాని గిన్నెలో పెట్టుకుని, చక్కెర పొట్లం కొంగున కట్టుకుని పైకెక్కేది. టీచరమ్మ కాఫీలో చక్కెర వెయ్యదు.

టీచరమ్మ గోడ మీద పెద్ద కాగితం అంటించి ఉండేది. గళ్ళు, గీతలు. రుజువైన పేరు సిరాతో, రుజువు కాని పేరు పెన్సిల్‌తో. ఆధారం లేనిదే సిరా తాకనిచ్చేది కాదు. ఆ విషయంలో మహా కచ్చితం.

శుక్రవారాలు నేను వెళ్తే అత్త నోట ఊరి కబుర్ల బదులు ఆ పల్లెల కబుర్లు. "ప్రిసిల్లా మొగుడు పోయినాడు మ్మే. ఏడాది గూడా తిరగలే, మళ్ళా చేసుకునింది. ఏం చేస్తాది పాపం, ఇంటినిండా పిల్లోళ్ళు, చలి దేశం" అంటుంది, కళ్ళు తుడుచుకుంటూ. నేను కంగారుపడి, "ఎప్పుడత్తా?" అంటే, "మూడు నూర్ల ఏండ్లు దాటింది" అనేది. మామయ్యకు ఒళ్ళు మండేది. "సొంతోళ్ళకు ఒక ఫోను జెయ్యదు. సచ్చినోళ్ళ ఇండ్లన్నీ తిరుగుతాంది" అనేవాడు. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టుకునేవారట అక్కడ. ఆ సంగతి చెప్పిన రోజు మాత్రం అత్త ఎక్కువ మాట్లాడలేదు. ఇంకోరోజు, "ఇంటిపేరు మారితే ఆడది మాయమైపోతాది మ్మే, యా దేశమైనా అంతే. మొగోళ్ళు దొరుకుతారు గానీ వాళ్ళను కన్నోళ్ళు దొరకరు" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

రెండో చలికాలమూ దాటింది. శామ్యూలూ మెర్సీ ఎవరి పిల్లలో తేలలేదు. టీచరమ్మ ఇంట్లో అట్టపెట్టెలు లేచాయి. టిక్కెట్టు కూడా కొనుక్కుంది. ఎండలు ముదురుతున్నాయి.

అలాంటి ఒక శుక్రవారం, సంగటి ముద్ద కలుపుకుంటూ నేను మాటల్లో అన్నాను. "మా మామా కూతురికి పెండ్లి కుదిరింది అత్తా. పిల్లోడు సొంత చిన్నాయన కొడుకే."

"చిన్నాయనంటే?"

"పాప నాయనకు తమ్ముడు. ఆయన కొడుకు."

"ఓయమ్మ! అన్నాచెల్లెలు గదమ్మే!"

"మనకు. వీళ్ళకు అదే మంచి సంబంధమంట. ఇంట్లో పిల్లోడుండంగా బయటోళ్ళకు ఎందుకిస్తాం అంటాంది మా మామా. నువ్వు మేనమామను చేసుకున్యావని చెప్తే మాత్రం రెండు చెవులూ మూసుకునింది. హరామ్, హరామ్, మహాపాపమని."

మామయ్య గట్టిగా నవ్వాడు. అత్త నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "వేరే కులాల్లో, వేరే దేశాల్లో చేసుకుంటారా అట్లా? తెల్లోళ్ళు గూడానా?" అంది. "చేసుకుంటారేమో అత్తా, నాకేం తెల్సు" అన్నాను. లేచి చెయ్యి కడుక్కుంది. "ఎంత పని చేస్తి" అని తనలో తనే అనుకుంది.

ఆ తర్వాత చెప్పింది. మొదటి చలికాలంలోనే ఆమె కంట పడ్డారట వాళ్ళు. ఆ ఓడ మనిషి కొడుకులు కాపురమున్న పల్లె పుస్తకంలో, పెళ్ళిళ్ళ పేజీలో, శామ్యూలు, మెర్సీ అని పక్కపక్కన. ఇద్దరికీ ఒకటే ఇంటిపేరు. ఇద్దరి తండ్రులూ సొంత అన్నదమ్ములని ఆమె అంతకు ముందు పేజీల్లోనే చదివి ఉంది. "ఇంటిపేరొకటి, తాతొకడు. ఇట్లా వావి తప్పినోళ్ళు టీచరమ్మోళ్ళు ఎందుకైతారు, ఆమె మంచింటి మనిషి, వీళ్ళెవురో వేరే శామ్యూలు అనుకొని పేజీ తిప్పేసినా. ఈ ఊర్లో లేరని చెప్పేసినా మ్మే. ఆమె నా మాట నమ్మి మళ్ళా ఆ ఊరు చూల్లేదు."

"పోనీలే అత్తా. మళ్ళా చూస్తాంటే ఇప్పుడు కనపడినారని చెప్పు. ఆమెకేం తెలుస్తాది" అన్నాను.

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అబద్ధంతో కలిపితే అది వరస ఎట్లయితాది?" అంది. చీర మార్చుకుంది. పచ్చ చీర, ఎర్ర అంచు, మంచిరోజుల్లో కట్టేది. "నువ్వూ రా" అని నన్నూ పైకి తీసుకెళ్ళింది.

టీచరమ్మ అట్టపెట్టెకు టేపు వేస్తోంది. అత్త కూర్చోలేదు. నిలబడే చెప్పింది, ఏదీ దాచకుండా. పనిచేసే ఇంటి పిల్లల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు నాకూ ఆమాత్రం వచ్చు. టీచరమ్మ కంప్యూటర్ తెరిచి ఆ పేజీ పెట్టింది. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఎప్పుడు చూశారు దీన్ని?" అని అడిగింది.

"మొదటి చలికాలంలోనే."

"ఈ ఏడాదిలో మా అక్క రెండుసార్లు నన్ను గుర్తుపట్టలేదు" అంది టీచరమ్మ. గట్టిగా కూడా అనలేదు. లేచి బాల్కనీలోకి వెళ్ళి సముద్రం వైపు తిరిగి నిలబడింది.

వెళ్ళిపోదాం పద అని అత్త కొంగు పట్టుకున్నాను. అత్త కదల్లేదు. కాసేపటికి తానే బాల్కనీలోకి వెళ్ళి, ఆమె పక్కన నిలబడి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. మాలో అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్ళు, అక్కచెల్లెళ్ళ పిల్లలూ అంతే, ఇంటిపేరు ఒకటైతే తోబుట్టువులే, పెళ్ళి మాట మనసులోకి కూడా రాకూడదు, అందుకే నా కన్ను ఆ పేజీ మీద నిలవలేదు, మీ ఇంటి పరువని నోరు కట్టుకున్నాను అని. టీచరమ్మ వింటోంది. అన్నీ విని, "మరి మీరు ఎవరిని చేసుకుంటారు?" అంది.

"మేనత్త కొడుకును. మేనమామ కొడుకును."

"మీరు?"

"నేను మా మేనమామనే చేసుకున్నా."

టీచరమ్మ ఇటు తిరిగింది. "మేనమామ కొడుకునా?"

"కాదు. మేనమామనే. మా అమ్మ తమ్ముణ్ణి. కింద ఉన్నాడు చూడు, ఆయన్నే."

ఆ ముఖం మీరు చూడవలసింది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. తర్వాత నవ్వు మొదలైంది. రెయిలింగు పట్టుకుని, వంగి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నీళ్ళలో నవ్వెంతో ఏడుపెంతో నాకు తెలియదు. "మా అమ్మమ్మ వింటే మిమ్మల్ని చర్చి మెట్లు ఎక్కనిచ్చేది కాదు" అంది. "మా అవ్వ వింటే మీ మెర్సీని గడప తొక్కనిచ్చేది కాదులే" అంది అత్త.

అప్పుడు అత్త ఇంకో మాట అంది. అందరితో మొదటి కాఫీకే వరస కలిపే మనిషి, టీచరమ్మతో మాత్రం ఇన్నాళ్ళూ కలపలేదు. "ముందు నీ తాతల సంగతి తేలనీ" అని వాయిదా వేస్తూ వచ్చింది. "ఇప్పుడు తేలింది గదా. నువ్వు నాకు వదినవి. మా దగ్గర వదినా మరదండ్ల మధ్య కోపం నిలవదు."

"వదిన అంటే?"

"అన్న పెండ్లాం. నాకు అన్న ల్యాడు. ఉన్యింటే నిన్నే చేసుకొని ఉంటాడు పో. వదినంటే ఊరికే గాదు, మా దగ్గర ఆడది పోతే పుట్టింటోళ్ళు చీర తేవాల, పసుపూకుంకుమా తేవాల. నాకు తెచ్చేవాళ్ళు ల్యారు. ఆ పని నీదే ఇంక." నవ్వుతూనే అంది.

టీచరమ్మ లోపలికి వెళ్ళి పెన్సిల్ తీసింది. గోడ మీద కాగితంలో తన పేరు పక్కన మొగుడి చోట ఒక ఖాళీ గడి గీసింది. "మీ అన్న" అంది. ఆ గడి పక్కన ఇంకో గడి గీసి అందులో అత్త పేరు రాసింది. అత్త వెక్కిరించింది. "పెన్సిలేనా?" టీచరమ్మ భుజాలు ఎగరేసి, "ఆధారం ఏదీ?" అంది.

అక్కడినుంచి జూన్ దాకా ఇద్దరూ కంప్యూటర్ వదిలితే ఒట్టు. మెర్సీ తండ్రి, శామ్యూలు తండ్రి, వాళ్ళిద్దరి తండ్రి, ఓడ. అన్నిటికీ సిరా పడింది. టీచరమ్మ ఆ కాగితాన్ని చుట్టచుట్టి చేతిలోనే పట్టుకుని విమానం ఎక్కింది, పెట్టెలో పెట్టనంది. వెళ్ళిన వారానికి ఫోను చేసింది. అక్క గుర్తుపట్టిందట. కాగితాన్నీ, చెల్లెల్నీ. వేలితో కిందినుంచి పైదాకా వెళ్ళి మెర్సీ దగ్గర ఆగి, "ఈ పిల్లకు ఇంటిపేరు మార్చుకునే తిప్పలు తప్పాయి" అని నవ్విందట. ఆ సంగతి వింటూ అత్త గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. "నా తండ్రీ, బతికించినావు" అని దండం పెట్టుకుంది.

ఆ అక్క మంచు పడకముందే పోయింది. కబురు తెలిసిన రోజు అత్త తలకు స్నానం చేసి వచ్చింది. మామయ్య "ఎవురికే మైల?" అంటే, "వదిన అక్క పోతే నాకు గాదా?" అంది. ఆ పూట ఇంట్లో తాలింపు వెయ్యలేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. టీచరమ్మకు వచ్చిన తెలుగు ఒక్క మాటే, వదిన. అటు ఆమే ఇటు ఈమే, ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు.

మళ్ళీ ఆ గురువారానికి వస్తాను. మా మామా నన్ను తన కారులోనే సాల్మియా పంపింది. ఇంటినిండా మన ఆడవాళ్ళు. ఇక్కడ చితి పేర్చడానికి లేదు, ఊరికి పంపాలి. ఆసుపత్రిలో పెట్టె మూసేలోపు చెయ్యాల్సిన పనులు చేసుకోమన్నారు. పుట్టింటి చీర దగ్గర మాట ఆగింది. "ఎవురూ ల్యారు గదా, మొగుడే మేనమామ, ఆయప్పే పెడితే సరి" అంది ఒకామె. "కట్టుకున్నోడు పుట్టింటోడు ఎట్లయితాడు మే?" అంది ఇంకొకామె. నేను ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళాను.

టీచరమ్మకు చేశాను. అమెరికాలో అప్పుడే తెల్లవారింది. చెప్పాను. ఏం జబ్బు, ఎలా పోయింది అని అడుగుతుందనుకున్నాను. "చీర ఎవరు తెచ్చారు?" అంది టీచరమ్మ.

ఎవరూ తేలేదన్నాను.

"పచ్చది తీసుకో. ఎర్ర అంచుది. పసుపు, కుంకుమ కూడా. నేను రాలేను, నా బదులు నువ్వు పెట్టు. పెట్టాక నాకు చెప్పు."

లోపలికొచ్చి, "వదిన ఉంది, చీర వస్తుంది" అన్నాను. "ఎవురా వదిన?" అని అందరూ అడిగారు. అమెరికాలో ఉంటుందన్నాను. పాపం దిగులుతో ఈ పిల్లకు మతి తప్పిందని చూశారు నన్ను. మామయ్య ఒక్కడే మూలనుంచి తలెత్తాడు. "ఉంది. ఆమె ఉంది గదా" అన్నాడు. తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు.

సాల్మియాలో కొట్లన్నీ తిరిగి అలాంటి చీరే వెతికి తెచ్చాను. ఆసుపత్రికి వెళ్ళి, అంచు చివర పసుపు బొట్టు పెట్టి అత్త మీద కప్పాను. నిద్రపోతున్నట్టే ఉంది. ఇప్పుడు లేచి ఎవరి బిడ్డవు మ్మే అంటుందేమో అనిపించింది. కుంకుమ పెట్టేటప్పుడు, "వదిన పంపింది అత్తా" అన్నాను.

బయట వరండాలో బల్ల మీద మామయ్య పక్కన కూర్చుని టీచరమ్మకు వీడియో కాల్ చేశాను. ఆమె జుట్టు ఇంకా దువ్వుకోలేదు. "పెట్టాను టీచరమ్మా" అన్నాను. "పచ్చదేనా?" "పచ్చదే." తల ఊపింది. ఫోను దేనికో ఆనించి పక్కన పెట్టింది. వెనక గోడ మీద ఆ కాగితం. ఇప్పుడు దానికి చుట్టూ చట్రం ఉంది. చట్రం దించి, బల్ల మీద బోర్లించి, మేకులు ఒక్కొక్కటీ పీకి, అద్దం పక్కన పెట్టింది. కలం తీసుకుంది. కాగితం మీదికి వంగింది.

"ఏం జేస్తాంది పాపా?" అన్నాడు మామయ్య.

"అత్త పేరుకు సిరా పెడతాంది."

ఆయన ఫోను తన చేతిలోకి తీసుకుని దగ్గరగా పట్టుకున్నాడు. ఇటువైపు కనిపించేది ఆమె వంగిన వీపు, తెల్ల జుట్టు, మెల్లగా కదులుతున్న మోచెయ్యి మాత్రమే. ఆమె చాలా నిదానంగా రాసింది. ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు.